అతుక్కోని ఎముకకు కాయిల్ బెల్టు: కట్టుకోవడం దగ్గరే ఉంది సంగతంతా

కాలు విరిగి పది నెలలైంది. లోపల రాడ్డు వేశారు, కర్ర పట్టుకుని నడుస్తున్నాను, పైకి చూస్తే అంతా బాగున్నట్టే ఉంది, కానీ ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ మోకాలి కింద పెద్ద ఎముకలో అదే నల్లటి గీత. అప్పుడు ఆర్థో డాక్టరు నా చేతిలో ఒక బెల్టు పెట్టి, "మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లే ముందు దీన్ని ఓసారి చూద్దాం" అన్నారు. బెల్టులో గుండ్రటి కాయిల్, అంటే తీగ చుట్ట, దానికి ఒక వైరు, వైరు చివర అరచేతిలో పట్టే డబ్బా, డబ్బా మీద గంటలు చూపించే చిన్న తెర. అంతే. మొదటి రెండు వారాలు రాత్రి కట్టుకుని పడుకునేవాణ్ణి. పొద్దున లేచి చూస్తే తెర మీద గంటలు బ్రహ్మాండంగా పెరిగి ఉండేవి, కాయిల్ మాత్రం జారిపోయి చీలమండ దగ్గర ఉండేది. అంటే రాత్రంతా విరగని చోటికి వైద్యం చేసుకున్నానన్నమాట. ఆ డబ్బా గంటలు లెక్కపెడుతుంది గానీ కాయిల్ ఎక్కడుందో దానికేం తెలుసు!

ఇలాంటి బెల్టు చేతికొచ్చినవాళ్ల కోసం, లేదా డాక్టర్ని అడుగుదామా వద్దా అని ఊగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, వాడినవాణ్ణి. దేన్నైనా మీ డాక్టరు వేరేలా చెబితే ఆయన మాటే వినండి, మీ ఎక్స్‌రే చూసింది ఆయనే కదా.

ఎముకకీ కరెంటుకీ ఏం సంబంధం

ఇది తెలియకపోతే రోజూ గంటలు గంటలు బెల్టు కట్టుకోవడం మనకే పిచ్చిపనిలా అనిపిస్తుంది, నాలుగో రోజుకి మానేస్తాం. అందుకే కాస్త ఓపిక పట్టండి. ఎముకని వంచితే దాంట్లో చిన్నపాటి విద్యుత్తు పుడుతుంది. జపాన్‌లో ఫుకాడా, యసుడా అనే ఇద్దరు 1957లో దీన్ని కొలిచి చూపించారు. 1962లో అమెరికాలో బాసెట్, బెకర్ ఇంకొంచెం ముందుకెళ్లారు. ఎముక మీద బరువు పడి వంగినప్పుడు నొక్కుకుపోయే వైపు రుణావేశం, సాగే వైపు ధనావేశం కనిపిస్తాయని చెప్పారు. కొత్త ఎముక పేరుకునేది కూడా ఆ నొక్కుడు పడే రుణావేశం వైపే. బతికున్న ఎముకలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఎముక లోపల సన్నని కాలవల్లో ద్రవం ఉంటుంది, అడుగు వేసినప్పుడల్లా ఆ ద్రవం అటూ ఇటూ కదులుతుంది, అందులో ఉప్పు అయాన్లు ఉంటాయి కాబట్టి ఆ కదలికే చిన్న వోల్టేజీ అవుతుంది.

విరిగిన కాలుకి కట్టు కట్టి మంచం మీద పడేస్తే ఈ సంకేతాలు చాలామటుకు ఆగిపోతాయి. బయట నుంచి అలాంటి సంకేతమే పంపిస్తే ఎముకని కట్టే కణాలు మళ్లీ పనిలోకి దిగుతాయేమో అన్నదే మొత్తం ఆలోచన. కాయిల్‌లో కరెంటు ఆగి ఆగి పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, మారుతున్న అయస్కాంత క్షేత్రం దగ్గర్లోని కణజాలంలో సన్నని కరెంటు పుట్టిస్తుంది. బడిలో చదివిన ఫారడే సూత్రమే, కొత్తదేం కాదు. ఆ కరెంటుకి కణాల్లో కాల్షియం కదలిక మారుతుంది, బీఎంపీ లాంటి ఎముక పెంచే ప్రొటీన్లు ఎక్కువగా తయారవుతాయి. అతుక్కోని ఎముకల కోసం అమెరికాలో ఎఫ్‌డీఏ 1979లోనే ఇలాంటి పరికరానికి అనుమతి ఇచ్చింది, కాబట్టి నిన్న మొన్న పుట్టిన వింత కాదిది.

ఇక్కడే ఒక మాట. కదలకుండా పడుండే అయస్కాంతం ఈ పని చెయ్యదు. అయస్కాంతపు కడియాలు, అయస్కాంతం కుట్టిన మోకాలి పట్టీలు ఎముకని అతికిస్తాయని ఎవరైనా చెబితే, మారని క్షేత్రం నుంచి కరెంటు ఎలా పుడుతుందో వాళ్లనే అడగండి. నొప్పికి వాడే టెన్స్ మిషన్ కూడా ఇది కాదు. అది నరాల మీద పనిచేస్తుంది, ఒళ్లు జివ్వుమంటుంది.

ముందు ఇది మీకు సరిపోతుందా అన్నది తేల్చుకోండి

నిన్న విరిగిన ఎముకకి ఇది పెద్దగా అక్కర్లేదు. మోకాలి కింద ఎముక కొత్తగా విరిగిన 259 మందితో 2011లో ఒక అధ్యయనం అచ్చయింది. సగానికి నిజమైన కాయిల్, మిగతా సగానికి లోపల కరెంటే లేని ఉత్తుత్తి కాయిల్ ఇచ్చి, 12 వారాల పాటు రోజుకి 10 గంటలు కట్టుకోమన్నారు. రెండో ఆపరేషన్ అవసరం పడ్డవాళ్ల సంఖ్యలో తేడా ఏమీ రాలేదు. మనుషులం కదా, 10 గంటలన్నదాన్ని సగటున 6 గంటల పైచిలుకు మాత్రమే కట్టుకున్నారు. అయినా సరే, కొత్తగా విరిగిన ఎముకకి డబ్బు తగలేసి కొనేంత ఆధారం ఇందులో లేదనే నాకనిపిస్తుంది.

ఇది పనికొచ్చే చోటు వేరు: నెలలు గడిచినా అతుకు ముందుకి సాగనివాళ్లు, వెన్నుపూసలు కలిపే ఆపరేషన్ అయినవాళ్లు. సాధారణంగా విరిగి 9 నెలలై, అందులో చివరి 3 నెలల్లో ఎక్స్‌రేలో ఏ మార్పూ లేకపోతే దాన్ని నాన్‌యూనియన్ అంటారు. అన్ని రకాల ఎలక్ట్రికల్ పరికరాలూ కలిపి, ఉత్తుత్తి మిషన్‌తో పోల్చిన 15 అధ్యయనాలను 2016లో ఒకచోట చేర్చి చూస్తే, ఎక్స్‌రేలో అతుక్కోకుండా మిగిలిపోయే ప్రమాదం 35 శాతం తగ్గింది. నొప్పి కూడా కొంచెం తగ్గింది. కానీ నడవడం, పనులు చేసుకోవడం లాంటి వాటిలో తేడా కనిపించలేదు. కాబట్టి బెల్టు కట్టగానే పరుగెడతామన్న ఆశ పెట్టుకోకండి. ఇది గీతని పూడ్చడానికి సాయపడొచ్చు, కాలికి బలం తెచ్చుకోవడం మళ్లీ మన ఫిజియోథెరపీ పనే.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ నాలుగు విషయాలు మొహమాటం లేకుండా అడగండి. విరిగిన ముక్కల మధ్య ఖాళీ ఎంతుంది? ఆ ఖాళీ ఒక సెంటీమీటరు దాటినా, ఎముక మందంలో సగం కన్నా ఎక్కువున్నా కాయిల్‌తో పూడదు, అక్కడ ఎముక ముక్క తెచ్చి పెట్టాల్సిందే. విరిగిన చోట కదలిక ఉందా? రాడ్డు వదులైపోయో, స్క్రూ విరిగిపోయో ముక్కలు కదులుతూ ఉంటే ఎన్ని గంటలు కట్టినా దండగ, ముందు అది బిగించాలి. లోపల చీము, ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందా? ఉంటే దాని సంగతి ముందు చూడాలి. ముక్కల మధ్య దొంగ కీలులాంటిది ఏర్పడి అందులో నీరు చేరిందా? అలాంటిదానికి ఆపరేషన్ తప్ప దారి లేదు. నా మట్టుకు నాకు ఈ నాలుగింటికీ జవాబు దొరికింది సీటీ స్కాన్‌లోనే. మామూలు ఎక్స్‌రేలో రాడ్డు అడ్డం వచ్చి సగం కనిపించదు.

పేస్‌మేకర్‌గానీ గుండెకి షాక్ ఇచ్చే పరికరంగానీ ఉన్నవాళ్లు గుండె డాక్టర్ సరేనంటే తప్ప దీన్ని ముట్టుకోకూడదు. గర్భిణులకి, ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలకి సురక్షితమని తేల్చలేదు, వాళ్లకి మామూలుగా ఇవ్వరు. విరిగిన చోటే క్యాన్సర్ గడ్డ ఉంటే అసలు వద్దు. లోపల వేసిన రాడ్లూ ప్లేట్ల గురించి చాలామందికి టెన్షన్ ఉంటుంది, నాకూ ఉండేది. ఇప్పుడు వాడేవి ఎక్కువగా టైటానియం, లేదంటే అయస్కాంతానికి అంటుకోని రకం స్టీలు, వాటితో ఇబ్బంది లేదు. మీ లోహం ఏదో ఆపరేషన్ కాగితాల్లో ఉంటుంది, ఓసారి చూసుకోండి.

మూడు రకాలున్నాయి, మీది ఏది

కాయిల్ రకం నేను వాడింది. దీన్ని పీఈఎంఎఫ్ అంటారు, ఆగి ఆగి వచ్చే విద్యుదయస్కాంత క్షేత్రం అన్నదానికి ఇంగ్లిష్ పొట్టి పేరు. బట్ట మీద నుంచైనా, పిండికట్టు మీద నుంచైనా పనిచేస్తుంది, ఎందుకంటే అయస్కాంత క్షేత్రానికి ప్లాస్టరు అడ్డు కాదు. మోడల్‌ని బట్టి రోజుకి 3 గంటల నుంచి 10 గంటల దాకా కట్టుకోమంటారు. ఇదే కుటుంబంలో రోజుకి అరగంటే చాలనే ఇంకో రకం కూడా ఉంది, దాని సంకేతం వేరు.

రెండోది అట్టల రకం. విరిగిన చోటికి అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా రెండు ఎలక్ట్రోడ్ అట్టలు చర్మానికి అంటించి, వాటి మధ్య 60 కిలోహెర్ట్జ్ సంకేతం పంపుతారు. దాదాపు రోజంతా ఉంచుకోవాలి. డబ్బా చిన్నది, నడుముకి తగిలించుకుని తిరగొచ్చు. కానీ అట్ట చర్మాన్ని తాకాలి, కాబట్టి ప్లాస్టరు ఉంటే దానికి కిటికీలు కోయించాలి. మూడోది ఆపరేషన్‌లోనే లోపల పెట్టేస్తారు. సన్నని తీగ చివర విరిగిన చోట ఉంటుంది, 20 మైక్రోఆంపుల చిన్న కరెంటు నెలల తరబడి పారుతూనే ఉంటుంది. మనం చేసేదేమీ ఉండదు, మర్చిపోవడానికీ ఏమీ ఉండదు. బ్యాటరీ అయిపోయాక దాన్ని తీయించుకోవాల్సి రావొచ్చు, అదొక్కటే.

అల్ట్రాసౌండ్ డబ్బాని కూడా జనం వీటిలో కలిపేస్తుంటారు. అది శబ్ద తరంగాలతో పనిచేసేది, రోజుకి 20 నిమిషాలు, జెల్ రాయాలి. దాని నియమాలు దీనికి పెట్టొద్దు.

ఇక కట్టుకోవడం

డాక్టరు ముందే ఎక్స్‌రే పక్కన పెట్టుకుని విరిగిన చోటు ఎక్కడో కాలి మీద వేలితో చూపించమనండి. సిగ్గు పడకండి. మోకాలిచిప్ప కింది అంచు నుంచి ఎన్ని వేళ్ల దూరమో కొలిచి రాసుకోండి. ఇంటికొచ్చాక అక్కడ చర్మం మీద మార్కర్‌తో ఒక ఇంటూ గుర్తు పెట్టుకోండి, స్నానం చేసినప్పుడల్లా చెరిగిపోతుంది, మళ్లీ పెట్టుకోండి. ప్లాస్టరు ఉంటే దాని మీదే పెట్టేయొచ్చు, ఇంకా సుఖం. కాయిల్ మధ్య ఉన్న ఖాళీ సరిగ్గా ఆ ఇంటూ మీదికి రావాలి. కాయిల్‌కి ఒక వైపు మాత్రమే కాలి వైపు ఉండాలని కొన్ని మోడళ్లలో బాణం గుర్తు ఉంటుంది. నేను దాన్ని చూడకుండా మూడు రోజులు తిరగేసి కట్టాను, ఎవరికీ చెప్పకండి.

జారిపోవడమే అసలు శత్రువు, ముఖ్యంగా కాలి పిక్క మీద. పిక్క పైన లావు కింద సన్నం కాబట్టి ఎంత బిగించినా బెల్టు కిందికే నడుస్తుంది, మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. నేను చివరికి చేసిందేమిటంటే, ముందు పలచటి కాటన్ మేజోడు మోకాలి దాకా తొడుక్కుని, దాని మీద బెల్టు కట్టి, బెల్టు కింది అంచు దగ్గర మెత్తటి క్రేప్ బ్యాండేజీ రెండు చుట్లు చుట్టేవాణ్ణి. ఆ చుట్లు చిన్న గట్టులా ఆపేవి. బట్ట మీద నుంచి పనిచేస్తుంది కాబట్టి మేజోడు వల్ల నష్టం లేదు. బెల్టుకీ కాలికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, దూరకపోతే వదులు చెయ్యండి.

రాత్రి నిద్రలో కట్టుకుంటే గంటలు సులువుగా పూర్తవుతాయని అందరూ చెబుతారు. నిజమే, కానీ జారేది కూడా అప్పుడే. కూర్చుని పనిచేసే వేళల్లో కట్టుకుంటే కళ్లెదుటే ఉంటుంది, జరిగితే వెంటనే సర్దుకోవచ్చు. నేను మూడు వంతుల గంటలు పగటికి మార్చుకున్నాక అంతా దారిలో పడింది.

వేడి ఎక్కదు, వణకదు, జివ్వుమనదు, ఏమీ తెలియదు. దాంతో 'ఇది పనిచేస్తోందా అసలు' అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. ఈ కాయిల్ క్షేత్రం ఎంత చిన్నదంటే, ఎంఆర్‌ఐ స్కానింగ్ మిషన్‌లో 1.5 టెస్లా ఉంటే అది 15,000 గాస్‌లు (రెండూ అయస్కాంత బలాన్ని కొలిచే కొలతలే), ఇందులో ఉండేది కొన్ని గాస్‌ల నుంచి పదుల గాస్‌ల లోపే. తెలియకపోవడమే మామూలు. డబ్బా మీద లైటు వెలుగుతోందా, తెర మీద నిమిషాలు కదులుతున్నాయా, ఆ రెండే చూడండి. ఒకవేళ కాయిల్ వేడెక్కినట్టు తగిలితే మటుకు ఆపేసి ఇచ్చినవాళ్లకి ఫోన్ చెయ్యండి.

అట్టల రకం వాడేవాళ్లకి చర్మమే సమస్య. రోజంతా అంటుకుని ఉంటాయి కాబట్టి ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, కొందరికి దద్దుర్లు వస్తాయి. అట్ట మార్చినప్పుడల్లా చర్మం కడిగి పూర్తిగా ఆరనివ్వండి, కొత్త అట్టని అర అంగుళం పక్కకి జరిపి పెట్టండి, రెండూ ఎదురెదురుగా ఉండటం మాత్రం తప్పకూడదు. నూనె, క్రీము రాసిన చర్మం మీద అట్ట సరిగా అంటదు.

గంటల లెక్క

ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి. అతుక్కోని ఎముకలకి కాయిల్ వాడినవాళ్ల మీద 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో, రోజుకి 3 గంటల కన్నా తక్కువ కట్టుకున్నవాళ్లలో మూడింట ఒక వంతుకి కాస్త పైనే అతుక్కున్నాయి, 3 గంటలు దాటి కట్టుకున్నవాళ్లలో 80 శాతం. క్రమం తప్పకుండా బెల్టు కట్టుకునేవాళ్లు మిగతా జాగ్రత్తలు కూడా బాగా తీసుకుని ఉండొచ్చు, ఆ తేడా అంతా కాయిల్‌దేనని నేను అనను. అయినా, మీకు చెప్పిన గంటల్లో సగం కట్టుకుని 'ఇది పనిచెయ్యలేదు' అనడానికి వీల్లేదు. డబ్బా అన్నీ రాసి పెట్టుకుంటుంది, డాక్టరు చూస్తారు కూడా. నేను తెర మీది గంటలతో పాటు కాలెండర్‌లో పక్కన ఒక టిక్కు పెట్టేవాణ్ణి, కాయిల్ ఇంటూ మీదే ఉందని చూసుకున్న రోజుకే టిక్కు. మొదటి నెలలో టిక్కులు చూస్తే ఏడుపొచ్చింది.

ఛార్జింగ్‌కి ఒకే వేళ పెట్టుకోండి, స్నానం వేళ అనుకోండి, అప్పుడెలాగూ విప్పాలి. ఒక రోజు తప్పిందని మర్నాడు రెట్టింపు కట్టుకోవడం వల్ల ఒరిగేదేం లేదు, మామూలుగా కొనసాగించండి. ఎంఆర్‌ఐ గదిలోకి డబ్బా, కాయిల్ తీసుకెళ్లొద్దు.

బెల్టు కట్టుకుని సిగరెట్ తాగేవాళ్లకి ఒక్క మాట: నికోటిన్ రక్తనాళాలని బిగిస్తుంది, రక్తం అందని చోట ఏ కాయిల్ ఎముకని పుట్టించలేదు. నేను కాలు విరిగాక కూడా ఆరు నెలలు తాగాను, ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే తిట్టుకోవాలనిపిస్తుంది. షుగరు అదుపులో ఉందా, విటమిన్ డి ఎంతుంది అన్నవి రక్తపరీక్షలో చూపించుకోండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజూ మింగే అలవాటుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, వాటివల్ల అతుకు ఆలస్యం కావొచ్చు. కాలి మీద ఎంత బరువు వెయ్యాలన్నది కూడా వాళ్లు చెప్పినట్టే. బెల్టు ఉంది కదా అని ముందుగా పరుగులు వద్దు, భయపడి పూర్తిగా మంచానికి అతుక్కుపోనూ వద్దు.

ఎప్పుడు చూసుకోవాలి, ఎప్పుడు ఆపాలి

వారం వారం ఎక్స్‌రే తీయించుకుంటే ఏమీ కనిపించదు, మనసు పాడవడం తప్ప. నాకు ఆరు వారాలకోసారి తీశారు. ఎముకకి ముందు, వెనక, లోపలి, బయటి అని నాలుగు గోడలనుకుంటే వాటిలో మూడు గోడల మీద అతుకు వంతెనలా కలిసిందా అని చూస్తారు. నాకు మూడో నెలలో ఒక గోడ మీద పొగమంచులాంటి మసక కనిపించింది, అదే కొత్త ఎముక అన్నారు. నేనైతే సరిగా తీయని ఎక్స్‌రే అనుకున్నాను. మొత్తానికి మూడు నుంచి ఆరు నెలలు మామూలు, కొందరికి ఇంకా ఎక్కువ. మూడు నెలలు గంటలన్నీ నిజాయితీగా పూర్తి చేశాక కూడా మసకైనా లేకపోతే, ఇంకో మూడు నెలలు ఊరికే లాగకుండా ఆపరేషన్ గురించి కూర్చుని మాట్లాడండి.

విరిగిన చోట ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా, కాలు ఉన్నట్టుండి వంకర తిరిగినా, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పుట్టినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగొద్దు. వాచిన పిక్కతో పాటు ఆయాసం కూడా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, రక్తం గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండొచ్చు.

నొప్పి పోయిందని మీ అంతట మీరు ఆపెయ్యకండి. నొప్పి ముందు పోతుంది, ఎముక తర్వాత గట్టిపడుతుంది. ఎక్స్‌రే చూసి డాక్టరు చాలన్నాకే విప్పాలి. నాకు అయిదు నెలలు పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం చాలన్నారు. ఇంటికొచ్చి అలవాటుగా ఇంటూ గుర్తు పెట్టుకోబోయి ఆగాను.

ఆ బెల్టు తర్వాత ఇంకొకళ్లకి పనికొస్తుందేమోనని చాలామంది అడుగుతారు. నన్ను నడుము నొప్పికని అడిగారొకరు. ఇవ్వలేదు. ఒక మనిషికి, ఒక ఎముకకి, ఇన్ని నెలలకి అని రాసిచ్చిన పరికరం అది, చాలా మోడళ్లు నిర్ణయించిన రోజులు పూర్తయ్యాక వాటంతట అవే పనిచెయ్యడం ఆపేస్తాయి కూడా. ఆయనకి ఎవరైనా మంచి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లమని చెప్పాను, డబ్బా బ్యాటరీని ఈ-వేస్ట్‌లో వేశాను.